గోడ అవతలి గంజి

నేను శ్రీకాకుళంలో మా పుట్టింట్లో ఉండగా ఒకరోజు ఉదయాన్నే మా అత్తగారు ఫోన్ చేశారు. ఆవిడ ఫోన్లో ఎప్పుడూ కేకలేస్తున్నట్టు మాట్లాడతారు. ఆ రోజు మాత్రం గొంతు తగ్గించి, "బూబమ్మ పోయినాదే. నిద్దట్లోనే ఎలిపోయినాదట. నువ్వు బేగి బయల్దేరి వచ్చీ" అన్నారు. తరవాత ఫోన్ పెట్టెయ్యడం మర్చిపోయారు. అవతల విజయనగరంలో మా వీధిలో కూరగాయల బండివాడి కేక, ఎవరిదో స్కూటరు స్టార్టవుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

బూబమ్మ నాకు చుట్టం కాదు. మా అత్తవారింటి పెరటిగోడ అవతల ఉండే ముసలావిడ. బూబమ్మ అన్నది ఆవిడ పేరు కూడా కాదు. మా వైపు ముస్లిం ఇళ్ళలో పెద్దావిణ్ణి వీధివాళ్ళు అలాగే పిలుస్తారు. అసలు పేరు ఓటరు కార్డు మీదా, ఆస్పత్రి చీటీ మీదా ఉండే ఉంటుంది. ఇన్నేళ్ళలో నేను అడగలేదు. నా పేరు ఆవిడా అడగలేదు. మా మామగారికి బజార్లో స్టీలు సామాన్ల కొట్టు ఉండేది కాబట్టి నేను ఆవిడకి మొదటి రోజు నుంచీ "సావుకారి కోడలు"నే.

నేను కాపరానికి వచ్చిన ఏడు రంజాను నెల వానాకాలంలో వచ్చింది. ఒక సాయంత్రం పెరట్లో బట్టలు తీస్తుంటే గోడ అవతల నుంచి పిలుపు వినిపించింది.

"సావుకారి కోడలా, ఇలా రా. ఉప్పు సూడాల."

ఏం చూడాలో నాకు అర్థం కాలేదు. గోడ దగ్గరికి వెళ్ళాను. తల మీద కొంగు, ముక్కుకి పెద్ద బేసరి, చేతిలో పొగలు కక్కుతున్న గరిటె. గోడ మీదుగా గరిటె చాచి, "సెయ్యి పట్టు" అంది. పట్టాను. వేడివేడి గంజి చుక్క అరచేతిలో పడింది. చురుక్కుమంది.

"బయపడకు. ఇంకా కీమా ఎయ్యనేదు. మీ ఇంటి సంగతి నాకు తెల్దా" అంది.

నాలిక మీద వేసుకున్నాను. నూకలు, పెసరపప్పు కలిసి మెత్తగా ఉడికిన రుచి, వెనకాల అల్లం, పుదీనా, అడుగున ఎక్కడో మెంతుల చేదు, అన్నిటినీ కలుపుతూ కొబ్బరిపాలు. అంతకుముందు అలాంటిది నేనెప్పుడూ తినలేదు.

"బాగుంది పిన్నీ" అన్నాను.

"బాగుందా నేదా అని ఎవులడిగినారు? ఉప్పు సరిపోయినాదా?"

"కొంచెం తక్కువైంది."

"అద్దీ. అలా సెప్పాల" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

రంజాను నెలంతా ఆ ఇంట్లో పెద్దలూ పిల్లలూ రోజా ఉంటారు. రోజా అంటే తెల్లవారకముందు నుంచి పొద్దుగూకేదాకా మంచినీళ్ళు కూడా ముట్టని ఉపవాసం. పొద్దుగూకగానే దాన్ని విడుస్తారు. దాన్నే ఇఫ్తారు అంటారు. ఆ పూటకి బూబమ్మ పెద్ద డేక్షాతో గంజి కాచేది. ఉపవాసంలో ఉన్న మనిషి వంట రుచి ఎలా చూస్తుంది? నాలిక మీద పెట్టుకుని ఉమ్మేస్తే తప్పు లేదని పెద్దలు చెప్తారట. ఆవిడ ఒప్పుకునేది కాదు. "ఉమ్మడమేటి, అన్నాన్ని" అనేది. అంతకుముందు ఏడు దాకా ఉప్పు చూసేది ఆవిడ మనవరాలు. ఆ పిల్ల కూడా రోజా పట్టే వయసుకి వచ్చేసింది. దాంతో ఆవిడ చూపు గోడ మీదుగా ఇటు పడింది.

మా అత్తగారు పట్టింపుల మనిషి. ఉల్లి ముట్టని రోజులు, ఒంటిపూట రోజులు, ఏమీ తినని రోజులు అన్నీ ఆవిడకి నోటికి వచ్చు. ఆ సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూశారు. ఎక్కడికి వెళ్ళావనీ, ఏం తిన్నావనీ అడగలేదు.

"ఉప్పు సూడ్డానికి పిలిస్తే ఎల్లకపోతే బాగోదు. ఎల్లినావు, సరే. తానం సేసి వంటింట్లోకి రా" అన్నారు.

ఆ నెలంతా నేను సాయంత్రం పూట రెండోసారి తలకి పోసుకున్నాను. మరుసటేడు ఆ తానం "కాళ్ళు కడుక్కుని రా" దాకా తగ్గింది. ఆ పై ఏళ్ళలో ఎప్పుడో అదీ పోయింది. ఎప్పుడు పోయిందో ఇద్దరికీ గుర్తు లేదు.

ఇఫ్తారు వేళకి బూబమ్మ ఇంటి గుమ్మం చూడాలి. మసీదు మైకులో పిలుపు వినబడగానే ఆవిడ ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, గ్లాసుడు నీళ్ళు తాగేది. ఇంట్లో అందరూ దస్తర్‌ఖాను అని వాళ్ళు పిలిచే గుడ్డ పరుచుకుని దాని చుట్టూ కూర్చునేవారు. పకోడీలు, ఉడికించిన సెనగలు, బొప్పాయి ముక్కలు, మధ్యలో గంజి. ఆవిడ మాత్రం కూర్చునేది కాదు. గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడేది. వీధిలో ఎవరెవరో గిన్నెలతో వచ్చేవారు. రిక్షావాళ్ళు, చెప్పులు కుట్టే అతను, మసీదులో దిగిన బాటసారులు. పొద్దున్నే సముద్రపొడ్డు నుంచి చేపల గంపతో బస్సెక్కి వచ్చి బజార్లో అమ్ముకునే ఒక పల్లెకారామె, తిరిగి బస్సుకి వెళ్తూ ఖాళీ గంప మీద క్యాను పెట్టుకుని తప్పకుండా ఆగేది.

"బూబమ్మా, కీమా అడుక్కి దిగిపోయుంటాది. బాగా కలిపి పొయ్యి" అనేది ఆమె.

"నీ సేపలు తూసేటప్పుడు నువ్వు నాకు ఒకటి కలిపి ఏసినావేటి?" అనేది బూబమ్మ. అంటూనే గరిటె అడుగుదాకా ముంచేది.

వీధిలో ఆఖరి గిన్నె వెళ్ళేదాకా ఆవిడ తినేది కాదు. పగలంతా ఉపవాసం ఉన్న మనిషివి, కాస్త కూర్చుని తినరాదా అని ఒకసారి అడిగాను. "రోజా నోటికే గాని సేతికి కాదు" అంది. ఆ మాట చాలాసార్లు అంది. ఎవరైనా సాయం చెయ్యబోయి అలసిపోయామంటే వాళ్ళకీ అదే మాట.

ఎవరైనా మెచ్చుకుంటే ఆవిడకి చిరాకు. మా ఆయన ఒకసారి వీధిలో ఎదురుపడి, "బూబమ్మా, నీ గంజి వాసనకి మా ఇంట్లో కూర రుచించటం లేదు" అన్నారు. "కూరలో ఉప్పు సూసుకోమను" అని వెళ్ళిపోయింది.

వక్కాకు ఆవిడకి ప్రాణం. మామూలు రోజుల్లో నడుముకి చిన్న గుడ్డసంచి వేలాడుతూ ఉండేది. రంజానులో ఆ సంచి గూట్లోకి వెళ్ళిపోయేది. అయినా మాట్లాడుతూ మాట్లాడుతూ చెయ్యి నడుము దగ్గరికి వెళ్ళి, అక్కడేమీ లేక వట్టిగా తిరిగి వచ్చేది. అది చూసి నేను నవ్వితే, "దానికింకా తెల్దు, ఇది రంజానని" అనేది తన చేతిని చూపించి.

నెలాఖరు శుక్రవారం మాత్రం గంజి కాదు, హలీం. ముందురోజే గోధుమలు నానబెట్టేది. పొద్దున్నుంచీ పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద గోధుమలు, పప్పులు, మాంసం కలిపి ఉడుకుతూ ఉండేవి. మధ్యాహ్నం నుంచి దాన్ని పెద్ద కర్రగుత్తితో కొట్టాలి. గింజ ఏదో మాంసం ఏదో తెలియకుండా సాగేదాకా కొట్టాలి. కొడుకు, వీధిలో మరో ఇద్దరు మగవాళ్ళు వంతులవారీగా కొట్టేవారు. ఉపవాసంలో ఉన్నవాళ్ళు, చెమటలు కారిపోయేవి. బూబమ్మ పీట మీద కూర్చుని చూస్తూ ఉండేది. ఒకళ్ళు ఆగితే ఇంకొకళ్ళకి సైగ చేసేది. గరిటెతో పైకి తీసి వదిలితే తాడులా సాగాలి, మధ్యలో తెగిందంటే మళ్ళీ కొట్టాలి.

నాకోసం ఒక చిన్న గిన్నె పక్కన వేరే ఉడికేది. గోధుమలు, పప్పులు, నెయ్యి, వేయించిన ఉల్లిపాయలు, అంతే. దాన్ని మాత్రం ఆవిడే స్వయంగా కొట్టేది. మొదటిసారి గోడ మీదుగా ఆ గిన్నె అందిస్తూ, "ఇది హలీం కాదు. మాంసం లేనిది హలీమేటి. కాని కొట్టిన కొట్టుడు మాత్రం అదే, తగ్గించనేదు" అంది. నేను సగం తిని, మిగిలిన సగం మూతపెట్టి ఉంచాను. పొద్దున్న చూస్తే గిన్నె కడిగి బోర్లించి ఉంది. ఆ రాత్రి మా ఆయన ఊళ్ళో లేరు, మామగారు అప్పటికే పోయారు. అత్తగారు నా మొహం చూడకుండా, "పాడైపోతాదని తినేసినాను" అన్నారు.

అలా ఏళ్ళు గడిచాయి. రంజాను ఏటికేడూ కొంచెం కొంచెం ముందుకు జరిగి, వానల్లోంచి ఎండల్లోకి వచ్చేసింది. ఆఖరికి రోళ్ళు పగిలే ఎండల్లో పడింది. బూబమ్మకి అప్పటికి సుగర్ వచ్చి చాలా కాలమైంది. తెల్లవారకముందే ఒక మాత్ర మింగి రోజా పట్టేసేది. ఎవరు చెప్పినా వినేది కాదు.

ఒక మధ్యాహ్నం మా పెరట్లో గిన్నెలు ఎండబెడుతుంటే గోడ అవతల డేక్షా మూత పడి దొర్లుతున్న చప్పుడైంది. తీసే అలికిడి లేదు. చుట్టూ తిరిగి వీధిగుమ్మంలోంచి వెళ్ళాను. బూబమ్మ వంటింటి గచ్చు మీద గోడకి చేరగిలబడి ఉంది. ఒళ్ళంతా చెమట, పెదాలు వణుకుతున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని నన్ను గుర్తుపట్టలేదు. కోడలు లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరం కలిసి పంచదార నీళ్ళు పట్టాం. ఆ నీళ్ళు గొంతులోకి దిగుతుంటే ఆవిడ చెయ్యి నా మణికట్టుని పట్టుకుని తోసింది. బలం లేని చెయ్యి, అయినా తోసింది.

కొడుకు ఆటోలకి సీటు కవర్లు కుడతాడు. కబురందగానే ఆటో వేసుకొచ్చాడు. ఆస్పత్రిలో డాక్టరు ఇక ఈ మనిషి ఉపవాసాలు ఉండకూడదని ఖరాఖండీగా చెప్పాడు. మసీదు పెద్దాయన కూడా ఇంటికొచ్చి, జబ్బుమనిషికి రోజా లేదనీ, దాని బదులు మానిన ఒక్కో రోజుకీ ఒక పేదవాడికి తిండి పెడితే సరిపోతుందనీ చెప్పి వెళ్ళాడు.

మర్నాడు ఆవిడ కోడలు మా ఇంటికి వచ్చింది. "నిన్నట్నుంచీ ఏటీ తింటం లేదక్కా. ఉపవాసం కాదు, తిండీ కాదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. మీరు సెబితే ఇంటాదేమో" అంది.

వెళ్ళాను. పక్కన కూర్చున్నాను.

"డాక్టరు చెప్పాడు కదా పిన్నీ. మీ పెద్దాయన కూడా చెప్పారు" అన్నాను.

"సెప్పినారు. అందరూ సెప్పినారు. నాకు బుర్ర నేదా, నాకూ తెల్సు" అంది గోడవైపే చూస్తూ. "నా నోరే ఇనట్నేదు."

"పేదవాడికి అన్నం పెడితే చాలన్నారు కదా."

ఆవిడ అప్పుడు ఇటు తిరిగింది. "పెడతానే ఉన్నాను గదే ఇన్నాల్లూ. సంతోసంగా పెట్టినాను. ఇప్పుడది జరిమానా అయిపోయినాదేటి?"

ఆవిడే మళ్ళీ అంది: "ఇంట్లో పిల్లలు గొంతెండిపోయి తిరుగుతా ఉంటే, నాను కంచం ముందేసుకుని కూకోవాల. ముద్ద దిగదే. నువ్వు సెప్పు, ఎలా దిగుతాది?"

ఇంటికి వచ్చి వంటింట్లో ఊరికే నిలబడ్డాను. అత్తగారు బియ్యం ఏరుతున్నారు. ఏమందని అడిగితే చెప్పాను. ఆవిడ చేట పక్కన పెట్టి, కొంతసేపు కిటికీలోంచి గోడవైపు చూశారు.

"ఇటు రమ్మను" అన్నారు.

"ఎవరిని?"

"ఇంకెవర్ని. మజ్జానం ఇక్కడికొచ్చి తినమను. ఇక్కడ ఉపాసం ఉన్నోలు ఎవులూ నేరు కదా."

ఆ మాట నేను మళ్ళీ వెళ్ళి చెబితే బూబమ్మ గోడవైపే తిరిగి పడుకుంది. మర్నాడు ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు మా పెరటి తలుపు దగ్గర నిలబడి ఉంది. చేతిలో జల్లెడ.

"జల్లెడ ఇచ్చేద్దామని వచ్చినాను" అంది అత్తగారితో.

ఆ జల్లెడ మాది కాదు. అత్తగారు దాన్ని అందుకుని, "మంచిదే. లోపలికి రా, ఎండ" అన్నారు. ఆ నెలంతా అది రోజూ ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి తిరిగింది. వీధిలో ఎవరైనా చూసినా జల్లెడ కోసం వెళ్తోందనుకుంటారని ఆవిడ ఉద్దేశం.

మొదటిరోజు అత్తగారు ఆకు వేసి అన్నం, పప్పు, వంకాయ కూర వడ్డించారు. బూబమ్మ కొంగు ముందుకి లాక్కుని, ఆకు ముందు తలవంచుకుని కూర్చుంది. ముద్ద కలిపింది. నోటిదాకా తీసుకెళ్ళింది. మళ్ళీ ఆకులో పెట్టేసింది. అత్తగారు పక్కనే పీట వేసుకుని విసనకర్ర పట్టుకుని కూర్చున్నారు. తిను అనలేదు. తన సంగతి ఏదో చెప్పడం మొదలెట్టారు.

"నాకూ కడుపు ఆపరేసనయినప్పుడు డాట్టరు ఉపాసాలు మానీమన్నాడు. ఏటేటా ఏకాదశికి రామతీర్థం ఎల్లి, కొండ దిగినాకే ఏటైనా నోట్లో ఏసుకునేదాన్ని. ఆ ఏడు మా అబ్బాయి ఒగ్గనేదు. ఇడ్లీ తిని కొండెక్కినాను. దేముడు ఏటీ అన్నేదు గాని, నాకే మొకం సెల్లనేదు. గుడి ముందు వరకూ ఎల్లి, సూడకుండా తల దించుకుని దణ్ణం పెట్టి వచ్చీసినాను."

బూబమ్మ తలెత్తి ఆవిడవైపు చూసింది. "మల్లీ ఏడు?"

"మల్లీ ఏడూ తిన్నాను. అప్పుడు సూసినాను."

"ఏటన్నాడు?"

"ఏటంటాడు. ఎప్పటిలాగే ఉన్నాడు."

బూబమ్మ పక్కన పెట్టిన ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. ఆ రోజు ఆ ఒక్క ముద్దతోనే లేచింది. లేచేముందు విస్తరి తనే తీసేస్తానంటే అత్తగారు ఒప్పుకోలేదు.

మర్నాడు పొద్దున్నే అత్తగారు నన్ను పిలిచారు. "ఆ గంజి ఎలా కాస్తాదో నీకు తెల్సు కదా. రోజూ నాకతన్నావు. సెప్పు, కాస్తాను" అన్నారు. నూకలెన్ని, పప్పెంత, మెంతులు ముందా వెనకా అని అడిగి అడిగి కాచారు. ఎప్పుడూ వెల్లుల్లి వెయ్యని పొయ్యి మీద ఆ రోజు వెల్లుల్లి వేశారు. వేస్తున్నప్పుడు మొహం కాస్త పక్కకి తిప్పుకున్నారు, అంతే.

బూబమ్మ వచ్చింది. గిన్నెలో గంజి చూసి ఆగింది. కూర్చుంది. గరిటెడు తాగి పెదవులు చప్పరించింది.

"మెంతులెక్కువైనాయి" అంది.

"రేపు తగ్గిస్తాను" అన్నారు అత్తగారు.

బూబమ్మ గిన్నె ముందుకి జరిపింది, ఇంకాస్త పొయ్యమని. మా అత్తగారి మొహంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు. ఆవిడ వంటకి వంకపెట్టి బతికిన వాళ్ళు మా చుట్టాల్లో ఎవరూ లేరు.

ఆ రోజుల్లో ఆ మధ్యాహ్నాలు ఎంత నిశ్శబ్దంగా ఉండేవో. బయట వీధి ఎండకి అట్టుడికిపోతూ ఉండేది. లోపల ఇద్దరు ముసలమ్మలు, ఒకరు తింటూ, ఒకరు విసురుతూ. ఏకాదశికీ రోజాకీ నీళ్ళ దగ్గర ఏమిటి తేడా, పిల్లల చేత మొదటి ఉపవాసం ఎలా చేయించారు, ఏ ఏడు దాహం ఎక్కువ వేసింది, ఇవే కబుర్లు. ఎన్నో ఏళ్ళు ఒకే గోడకి అటూ ఇటూ బతికి, "బాగున్నావా" అంటే "బాగున్నాను" అనుకోవడం తప్ప అంతవరకూ వాళ్ళకి మాటలు లేవు. ఆ నెల మధ్యలో ఎక్కడో బూబమ్మ నోట "సావుకారమ్మా" కాస్తా "అప్పా" అయిపోయింది. అప్ప అంటే మా వైపు అక్క. అత్తగారు బూబమ్మ తినేదాకా తను తినేవారు కాదు. నేను గమనించి అడిగితే, "ఆకలెయ్యట్నేదు" అన్నారు.

సాయంత్రాలు మాత్రం ఏమీ మారలేదు. గోడ అవతల గంజి ఉడికేది. నన్ను పిలిచేది. ఒకరోజు ఉండబట్టలేక, "ఇప్పుడు మీరే ఉప్పు చూసుకోవచ్చు కదా పిన్నీ" అన్నాను.

"పొద్దంతా ఉన్నోల కంటే ముందు నాను నాలిక పెట్టనా?" అంది.

"మరి నేను పెట్టడం లేదా?"

"నువ్వు లెక్కలో నేవు" అని గరిటె చాచింది.

మైకులో పిలుపు వినబడగానే ఇంట్లోవాళ్ళు ఖర్జూరం అందిస్తే తీసుకునేది కాదట. వీధిలో గిన్నెలు వచ్చేశాయని గుమ్మంలోకి వెళ్ళిపోయేది. ఆవిడ అందరికీ పోసి లోపలికి వచ్చేసరికి వాళ్ళ తినడం అయిపోయేది. అందువల్ల తను మధ్యాహ్నం తిన్న సంగతి ఎవరికీ తెలియదని ఆవిడ నమ్మకం. పండగ రోజు సేమియా గిన్నెతో మా ఇంటికి వచ్చింది. మొదటిసారి వీధిగుమ్మంలోంచి వచ్చింది. అత్తగారు కుర్చీ వేస్తే కూర్చుని వక్కాకు నమిలి వెళ్ళింది.

తరవాత ఎండలు తగ్గాయి, వానలు వచ్చాయి. బూబమ్మ మధ్యాహ్నాలు అప్పుడప్పుడూ వస్తూనే ఉండేది, జల్లెడ లేకుండా. చలికాలం మొదట్లో దగ్గు పట్టింది. అది తగ్గిందనుకున్నాక నేను మా అమ్మని చూడ్డానికి శ్రీకాకుళం వెళ్ళాను. ఆ ఫోన్ వచ్చింది అప్పుడే.

నేను విజయనగరంలో దిగి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంటికి తాళం. అత్తగారు బూబమ్మ ఇంట్లోనే ఉన్నారు. అన్నేళ్ళలో ఆవిడ ఆ ఇంటి గడప తొక్కడం అదే మొదలు. లోపల ఆడవాళ్ళు చాప మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళ మధ్య నుదుట కుంకుమ లేని మా అత్తగారు కూడా తల మీదకి కొంగు లాక్కుని కూర్చుని ఉన్నారు. నన్ను చూసి పక్కకి జరిగారు.

అప్పటికే బూబమ్మని తీసుకెళ్ళిన మగవాళ్ళు ఖననం చేసి తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. వీధిలో వాళ్ళు రెండు మూడు ఇళ్ళ నుంచి అన్నాలు పంపారు. ఆ ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించరు. కొడుకు కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాడు. వచ్చినవాళ్ళందరినీ పలకరిస్తున్నాడు. ఎవరికి మంచినీళ్ళు కావాలో చూస్తున్నాడు. పొద్దుటి నుంచీ అతని కంట నీటి చుక్క లేదని ఎవరో ఆడవాళ్ళు మెల్లిగా అనుకుంటున్నారు.

మా దగ్గరికి వచ్చి అత్తగారి ముందు కూర్చున్నాడు. "అమ్మా, మీరు పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నారంట. ఏటైనా తిన్నారా?" అన్నాడు.

"నా సంగతి ఎందుకు నాయనా" అన్నారు అత్తగారు.

అతను చాప అంచు సరిచేశాడు. తరవాత గొంతు తగ్గించి, "మీకో మాట సెప్పాల. రంజాన్లో మా అమ్మ మజ్జానం మీ ఇంటికొచ్చి తినేదని మాకందరికీ తెల్సు" అన్నాడు.

అత్తగారు అతనివైపు చూశారు. "తెల్సా?"

"మొదటి రోజే తెల్సు. ఆవిడ బయల్దేరే ఏలకి పిల్లల్ని ముందు గదిలోకి పంపించీవోల్లం. నా పెల్లాం కల్లు మూసుకుని పడుకున్నట్టు ఉండీది. తెలిసినాదంటే మా అమ్మ మల్లీ ఎల్లదు. ఎల్లకపోతే తినదు."

అత్తగారు నావైపు తిరిగారు.

"కాని నాకొకటి ఉండిపోయినాదమ్మా" అన్నాడు అతను. "ఇంట్లో పొద్దుగూకినాక కూడా సరిగ్గా ముట్టీది కాదు. మీ దగ్గరన్నా నిజంగా తినీదా, మీ మాట కాదన్లేక ఊరికే కూకుని వచ్చీసీదా, నాకు తెల్దు. అడగడానికి నేదు. ఆ నెలంతా నాను కొట్లో కూకుని అదే అనుకునీవోన్ని. మా అమ్మ ఆకలితో ఉన్నాదా అని."

అత్తగారు చెయ్యి చాపి అతని మోకాలి మీద పెట్టారు.

"తినీది నాయనా" అన్నారు. "కడుపు నిండా తినీది. మారడిగి ఏయించుకునీది."

అతను తల ఊపాడు. లేవబోయాడు. సగం లేచి, మళ్ళీ అక్కడే కూర్చుండిపోయి, రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు.